నిన్న నడిచిన ప్రోగ్రామ్ ఈరోజు ఎందుకు ఆగిపోతుంది?

నల్గొండ జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ గురించి ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు బోరుబావుల నీటి పరీక్ష ఫలితాలను ఊరివారీగా పటం మీద చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పైథాన్‌లో రాస్తున్నారు. కోడ్‌ను ఎవరైనా చూసేలా, వాడుకునేలా తెరిచి ఉంచారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ ఊరి చుక్క ఎరుపు, 1 నుంచి 1.5 వరకు ఉంటే పసుపు, అంతకన్నా తక్కువైతే ఆకుపచ్చ. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దులే ఇవి. చుక్క పక్కన ఊరి పేరు తెలుగులో పడుతుంది.

రాసిన విద్యార్థి ల్యాప్‌టాప్‌లో పటం ముచ్చటగా వచ్చింది. అదే కోడ్‌ను, అవే లైబ్రరీలతో (ఇతరులు రాసిపెట్టిన, మనం తెచ్చుకుని వాడుకునే కోడ్‌తో), అవే వెర్షన్లతో సర్వర్‌లో నడిపితే ‘నల్గొండ’ చెదిరిపోయింది. ల కింద చేరవలసిన గ ఒత్తు చేరలేదు. పొల్లు ఒకచోట, నిండు గ మరోచోట పడ్డాయి. ‘మిర్యాలగూడ’లో య ఒత్తు మాయమైంది. ‘కల్వకుర్తి’ రెండు చోట్ల విరిగింది. ‘మహబూబ్‌నగర్’ మాత్రం పెద్దగా చెదరలేదు, ఆ పేరులో ఒత్తే లేదు మరి. ఇంత జరిగినా ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, తప్పు జరిగిందని ఒక్క మాటా చెప్పలేదు. పని పూర్తయిందని చెప్పి బొమ్మను దాచి ఊరుకుంది.

కారణం వెతుక్కుంటూ వెళితే, డిపెండెన్సీలు, అంటే మన ప్రోగ్రామ్ ఆధారపడే ఇతర లైబ్రరీలు, అసలు ఎలా పనిచేస్తాయో ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది. బొమ్మ మీద అక్షరాలు వేసే పని పిల్లో అనే లైబ్రరీది. తెలుగులాంటి లిపిలో అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చితే సరిపోదు. ఏ హల్లు ఒత్తుగా మారాలి, గుణింతపు గుర్తు దేని మీద కూర్చోవాలి అన్నది ఎవరో లెక్కకట్టాలి. ఆ లెక్క చేసేది హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్లు అన్నీ తెలుగును దాని సాయంతోనే చూపిస్తున్నాయి. పిల్లోకూ హార్ఫ్‌బజ్‌కూ మధ్య రాక్మ్ అనే చిన్న లైబ్రరీ ఉంటుంది. ఆ రాక్మ్‌కు ఫ్రిబిడి అనే ఇంకొకటి కావాలి. ఉర్దూ, అరబిక్ వంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపులు వచ్చినప్పుడు వరుసను సరిచేయడం ఫ్రిబిడి పని. తెలుగుకు ఆ పనితో సంబంధమే లేదు. కానీ ఫ్రిబిడి లేకపోతే రాక్మ్ పనిచేయదు, రాక్మ్ పనిచేయకపోతే హార్ఫ్‌బజ్ దాకా మన అక్షరాలు చేరవు.

2021లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి పిల్లో తనతో పాటు రాక్మ్‌ను తెచ్చుకుంటోంది. ఫ్రిబిడిని మాత్రం ఆ కంప్యూటర్‌లో ముందే ఉందేమో అని వెతుక్కుంటుంది. ఉబుంటు అనే లినక్స్ డెస్క్‌టాప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అది ఎలాగూ ఉంటుంది, తెర మీద అక్షరాలు చూపించే పాంగోకు కూడా అది కావాలి గనుక. సర్వర్ల కోసం బాగా కుదించిన లినక్స్‌లో ఉండదు. అది దొరక్కపోతే పిల్లో తనకు వచ్చిన సాదా పద్ధతిలోకి దిగి, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పేర్చేస్తుంది. పైథాన్ ప్రాజెక్టులో డిపెండెన్సీలు రాసుకునే ఫైలులో ఫ్రిబిడి పేరు ఎక్కడా కనిపించదు, కనిపించే వీలు కూడా లేదు. అది పైథాన్ లైబ్రరీ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్యాకేజీ. లిబ్‌ఫ్రిబిడి0 అనే ఆ ప్యాకేజీని సర్వర్‌లో పెట్టగానే ఊళ్ల పేర్లన్నీ కుదురుకున్నాయి.

తెలుగువాళ్లకు ఇలాంటిది కొత్త కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. సందేశంలో ఆ అక్షరం రాగానే దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. తప్పు ఏ ఒక్క యాప్‌దీ కాదు, అక్షరాలు చూపించే పనిని అన్ని యాప్‌లూ అప్పగించిన కోర్‌టెక్స్ట్ అనే ఆపిల్ లైబ్రరీది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఆ లోపాన్ని అదే నెలలో వచ్చిన 11.2.6లో సరిచేశారు. అడుగున ఉన్న ఒక్క లైబ్రరీ తడబడితే పైనున్నవన్నీ ఎలా పడతాయో అంతకన్నా బాగా చూపించే సంఘటన నాకు మరొకటి తట్టదు.

మళ్లీ మన పటానికి వద్దాం. పటం గీయడానికి జియోపాండాస్ వాడారు. దానికి పాండాస్ కావాలి, పాండాస్‌కు నంపై కావాలి. ఊళ్ల సరిహద్దుల లెక్కలకు షేప్లీ, దాని లోపల సీ ప్లస్ ప్లస్‌లో రాసిన జియోస్. అక్షాంశ రేఖాంశాలను మార్చడానికి పైప్రోజ్, దాని లోపల ప్రోజ్. ఫైళ్లు చదవడానికి పైయోగ్రియో, దాని లోపల జీడాల్. విద్యార్థులు తమ ఫైలులో రాసుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఇన్‌స్టాల్ అయినవి వాటికి ఎన్నో రెట్లు. మనం కోరి తెచ్చుకున్నవి నేరు డిపెండెన్సీలు, వాటి వెంట వచ్చినవి పరోక్ష డిపెండెన్సీలు. ఇబ్బందులు ఎక్కువగా ఈ రెండో గుంపు నుంచే వస్తాయి.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రి మూడెకరాల దాకా పరుచుకుంది. తల్లి కాండం ఏదో వేలు పెట్టి చూపలేం, దిగిన ఊడలే కాండాలై కొమ్మలను మోస్తున్నాయి. చెదలు పట్టి కొమ్మ విరిగాక, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి దానికి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. పైన ఆకు పచ్చగా కనబడుతున్నా లోపల ఏ కాండం డొల్లబారిందో దగ్గరకు వెళ్లి తట్టి చూస్తే తప్ప తెలియదు. నేటి సాఫ్ట్‌వేర్ సరిగ్గా అలాంటిదే. దాన్ని రోజూ తట్టి చూడడానికి ఏర్పరచుకున్న పద్ధతే నైట్లీ బిల్డ్, అంటే ప్రోగ్రామ్‌ను ప్రతి రాత్రీ మొదటి నుంచి కట్టి పరీక్షించడం.

వెర్షన్ అంకెల్లో ఇచ్చిన మాట

నైట్లీ బిల్డ్ గురించి చెప్పే ముందు వెర్షన్ అంకెల సంగతి తేల్చుకోవాలి. చాలా లైబ్రరీలు 2.4.1 లాంటి మూడు అంకెల వెర్షన్ వాడతాయి. కోడ్‌ను దాచి పంచుకునే గిట్‌హబ్ వేదిక స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ ఈ అలవాటును సెమాంటిక్ వెర్షనింగ్ పేరుతో నియమంగా రాసిపెట్టారు. చివరి అంకె మారితే తప్పులు దిద్దారని, మధ్య అంకె మారితే పాతవి చెడకుండా కొత్త సదుపాయాలు చేర్చారని, మొదటి అంకె మారితే పాత కోడ్ పనిచేయకపోవచ్చని అర్థం. జావాస్క్రిప్ట్‌లో, రస్ట్‌లో ‘2.4.1 గానీ, 3కు లోపు అంతకన్నా కొత్తది గానీ చాలు’ అని రాసుకునే వీలు ఈ నియమం మీదే నిలబడింది.

కానీ అది కేవలం మాట. మాట ఇచ్చింది ఒక మనిషి, అది కూడా తరచుగా జీతం లేకుండా సాయంత్రాలు పనిచేసే మనిషి. తప్పు దిద్దానని ఆయన అనుకున్న మార్పే మరొకరికి దెబ్బ కావచ్చు. ఉదాహరణకు ఒక లైబ్రరీ తేదీలను చదివేటప్పుడు చివరి ఖాళీని పట్టించుకునేది కాదనుకోండి. దాన్ని సరిచేసి ఖాళీ ఉంటే తప్పు చూపించడం మొదలుపెట్టారు. వారి దృష్టిలో ఇది దిద్దుబాటే. మండల కార్యాలయం నుంచి వచ్చిన ఎక్సెల్ ఫైలులో ప్రతి తేదీ తర్వాతా ఖాళీ ఉన్నవారికి మాత్రం ఆ రోజు పని ఆగిపోతుంది. వెర్షన్ అంకె అబద్ధం చెప్పలేదు, నిజాన్ని పూర్తిగా చెప్పలేకపోయింది.

రెండు లైబ్రరీలు మూడో దాన్ని వేర్వేరు వెర్షన్లలో కోరినప్పుడు చిక్కు మరింత ముదురుతుంది. ఒకదానికి నంపై 2 కావాలి, మరోదానికి నంపై 2 కన్నా పాతదే కావాలి. పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ కోసం ఏర్పరచిన చోట ఒక లైబ్రరీకి ఒకే వెర్షన్ ఉంటుంది కాబట్టి ఇక్కడ దారి మూసుకుపోతుంది. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో ఎవరి కాపీ వారికి పెట్టవచ్చు. రస్ట్‌లో మొదటి అంకె వేరైతే రెండూ పక్కపక్కన ఉండగలవు. డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు వీలైనంతవరకు ఒక లైబ్రరీకి ఒకే వెర్షన్ ఉంచి, వేలాది ప్యాకేజీలను దానితో సర్దుకునేలా చేస్తాయి. ఎంత శ్రమో ఊహించండి. పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్ అయితే 2020 చివర్లో వచ్చిన 20.3 దాకా ఇలాంటి వైరుధ్యాలను గట్టిగా పట్టుకునేదే కాదు, ముందు కనిపించిన కోరికను తీర్చి ముందుకు సాగేది.

జాబితాలో ఎవరూ రాయని డిపెండెన్సీలు ఇంకొన్ని ఉన్నాయి. ప్రోగ్రామ్ నడవడానికి కాదు, దాన్ని కట్టడానికి కావలసినవి. పైథాన్ ప్యాకేజీలను కట్టే సెటప్‌టూల్స్ 2021 సెప్టెంబరులో 58.0.0కు మారినప్పుడు, పైథాన్ 2 కోడ్‌ను పైథాన్ 3కు మార్చే పాత సదుపాయాన్ని తీసేసింది. మొదటి అంకె మార్చి, ముందే హెచ్చరించి, పద్ధతిగానే చేశారు. అయినా ఆ సదుపాయం మీద ఆధారపడిన పాత ప్యాకేజీలు ఇన్‌స్టాల్ కావడం మానేశాయి, వాటిని పరోక్షంగా వాడుతున్న ప్రాజెక్టులు ఒక్క అక్షరం మార్చకుండానే మూలనపడ్డాయి.

బిగించడం, వదలడం

ఇన్ని చిక్కులకు అందరికీ తెలిసిన మందు లాక్ ఫైలు. నేరువీ పరోక్షమైనవీ అన్ని లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లను, ఒక్కో ఫైలు హాష్‌తో సహా అందులో రాసి పెడతారు. హాష్ అంటే ఆ ఫైలులోని సమాచారం నుంచి లెక్కకట్టిన పొడవాటి సంఖ్య. ఫైలులో ఒక్క అక్షరం మారినా సంఖ్య మారిపోతుంది కాబట్టి దారిలో ఎవరైనా ఫైలును మార్చి పెడితే ఇన్‌స్టాల్ అక్కడే ఆగుతుంది. లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎం, యార్న్, కార్గో, పొయెట్రీ, యూవీ అన్నిటికీ ఇలాంటి ఫైలు ఉంది. ఫైలు ఉంటే నల్గొండలో ఇన్‌స్టాల్ చేసినా వనపర్తిలో చేసినా, ఈరోజు చేసినా ఆరు నెలల తర్వాత చేసినా, అవే లైబ్రరీలు వస్తాయి.

ఫ్రిబిడి లాంటివి దీనికి అందవని ముందే చూశాం. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీలను కూడా కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామ్‌నూ దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూటలో పెట్టి బిగించేవారు ఉన్నారు. అది మంచి పద్ధతి.

బిగించి వదిలేస్తే మాత్రం కొత్త ప్రమాదం మొదలవుతుంది. మన ఫైలు ఆగిన చోటే ఆగుతుంది, లోకం ముందుకు పోతుంది. భద్రతా లోపాల దిద్దుబాట్లు మనకు చేరవు. ఏడాది తర్వాత ఒక్కటి మార్చబోతే ముప్పై కదులుతాయి, వాటిలో దేనివల్ల పని చెడిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ చివరి వాక్యమే మొత్తం విషయానికి తాళంచెవి అని నా నమ్మకం. మార్పు రావడం వల్ల కాదు, మార్పులన్నీ ఒకేసారి రావడం వల్ల ప్రాజెక్టులు దెబ్బతింటున్నాయి.

నైట్లీ బిల్డ్ అవసరం ఇక్కడే వస్తుంది. ఈ పేరుతో రెండు వేర్వేరు సంగతులు చలామణిలో ఉన్నాయి, వాటిని కలిపేయడం వల్లే చాలా అయోమయం. ఒకటి, బయటివారు దించుకుని వాడి చూడడానికి రోజూ విడుదల చేసే తాజా కూర్పు. ఫైర్‌ఫాక్స్ నైట్లీ అలాంటిదే. రస్ట్ భాషకూ నైట్లీ ఉంది. అక్కడ చేరిన మార్పు ముందు బీటాకు, ఆరు వారాల తర్వాత స్థిరమైన వెర్షన్‌కు చేరుతుంది. 2015 మే 15న 1.0 వచ్చినప్పటి నుంచి ఆరు వారాలకోసారి ఇదే వరుస. ఇంకా ఖరారు కాని సదుపాయాలు నైట్లీలో మాత్రమే దొరుకుతాయి. రెండోది, ఎవరూ దించుకోని బిల్డ్. రాత్రి ఒక వేళకు యంత్రం తనంతట తాను లేచి, ప్రాజెక్టును ఖాళీ చోట మొదటి నుంచీ కట్టి, టెస్టులన్నీ నడిపి, ఫలితం రాసిపెట్టి పడుకుంటుంది. పెద్ద ప్రాజెక్టులకు రెండూ కావాలి. మన జిల్లాల్లోని చిన్న బృందాలకు రెండోది చాలు.

రెండో రకాన్ని ఎలా నడపాలన్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. రాత్రి బిల్డ్‌ను కూడా లాక్ ఫైలుతోనే నడుపుతారు. అప్పుడు అది పగలు చూసినదాన్నే మళ్లీ చూస్తుంది, ఏ రోజైనా పచ్చగానే (టెస్టులన్నీ పాసైన గుర్తుతోనే) ఉంటుంది, ఏమీ చెప్పదు. కొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తారు. లాక్ ఫైలు అసలు పెట్టుకోరు, పగలూ రాత్రీ అన్నీ వదిలేస్తారు. అప్పుడు కోడ్‌లో కామా మార్చిన విద్యార్థికి సంబంధం లేని ఎర్ర గుర్తు కనిపించి, తానేం తప్పు చేశానో తెలియక రోజంతా తల బాదుకుంటాడు. ఎవరైనా కోడ్ చేర్చినప్పుడు నడిచే టెస్టులు బిగించిన వెర్షన్లతోనే నడవాలి. అక్కడ చెడితే తప్పు ఆ కోడ్‌ది. రాత్రి బిల్డ్ మాత్రం లాక్ ఫైలును పక్కన పెట్టి, అన్నిటికీ తాజా వెర్షన్లు తెచ్చుకుని నడవాలి. అక్కడ చెడితే తప్పు బయట మారినదానిది. పగటి బిల్డ్ మనల్ని పరీక్షిస్తుంది, రాత్రి బిల్డ్ లోకాన్ని పరీక్షిస్తుంది. వీలైతే మూడోది, మనం అనుమతిస్తామన్న వాటిలో అతి పాత వెర్షన్లతో నడిచేది కూడా పెట్టుకోవచ్చు. ‘పాండాస్ 1.5 ఉన్నా చాలు’ అని రాసుకున్నది నిజమో కాదో దానితో తేలుతుంది.

ఇంకో అడుగు వేస్తే, ఇంకా విడుదల కాని వెర్షన్లతో కూడా రాత్రి బిల్డ్ నడపవచ్చు. నంపై 2.0 సంగతి దీనికి మంచి నిదర్శనం. 2006లో 1.0 వచ్చాక నంపై మొదటి అంకె మారడం 2024 జూన్ 16నే. పాత నంపై మీద కంపైల్ చేసిన (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చిన) లైబ్రరీలు కొత్తదానితో పనిచేయవు, మళ్లీ కంపైల్ చేయాలి. సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు తమ రాత్రి కూర్పులను ఒకే చోట అందరికీ అందుబాటులో ఉంచుతాయి. వాటితో రోజూ తమ టెస్టులు నడుపుకున్న లైబ్రరీలు విడుదలకు నెలల ముందే విరిగే చోట్లను చూసి సరిచేసుకున్నాయి. చూడనివారికి విడుదల రోజే అన్నీ ఒకేసారి ఎదురయ్యాయి.

పని ఎలా పెట్టుకోవాలో కొంచెం దగ్గరగా చూద్దాం. హాస్టల్ గదిలో ఫోన్ డేటా మీద బతికే విద్యార్థికి రోజూ వందల మెగాబైట్లు దించడం కుదరదు. అవసరమూ లేదు. బహిరంగ ప్రాజెక్టులకు గిట్‌హబ్ యాక్షన్స్ సాధారణ యంత్రాలను ఉచితంగా ఇస్తుంది, దించడం కట్టడం అన్నీ అక్కడే జరుగుతాయి. వేళ రాసేటప్పుడు దాని గడియారం యూటీసీ, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం అని గుర్తుంచుకోవాలి. మన దగ్గర తెల్లవారుజామున 2 గంటల 17 నిమిషాలకు నడవాలంటే ముందు రోజు 20:47 అని రాయాలి. సరిగ్గా గంట కొట్టే నిమిషం పెట్టుకోవద్దు. అందరూ అదే పెట్టుకోవడం వల్ల ఆ నిమిషంలో రద్దీ ఎక్కువై ఆలస్యమవుతుంది.

ఆ రాత్రి ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీలన్నిటి పేర్లు, వెర్షన్లు ఒక ఫైలులో దాచడం అన్నిటికన్నా ముఖ్యం. దీనికి ఒక్క లైను చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీల జాబితాను కూడా దానితో పాటు దాచాలి. పొద్దున బిల్డ్ ఎర్రబడితే నిన్నటి జాబితాను, ఇవాళ్టి జాబితాను పక్కపక్కన పెట్టి తేడా చూస్తారు. చాలాసార్లు ఒకటో రెండో మాత్రమే మారి ఉంటాయి, దోషి అక్కడే దొరుకుతుంది. ఎక్కువ మారి ఉంటే సగం వెనక్కి తిప్పి నడిపి, ఏ సగంలో తప్పుందో చూసి, మళ్లీ దాన్ని సగం చేస్తూ పోవాలి. కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్‌లోని బైసెక్ట్ ఆదేశం కోడ్ మార్పులకు ఇదే చేస్తుంది. వెయ్యి మార్పుల్లో దోషిని పది మెట్లలో పట్టుకుంటుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాళ్లు ఇంకా ముందుకెళ్లి, పాత బిల్డులను దాచి ఉంచి, మళ్లీ కంపైల్ చేయనక్కర్లేకుండా వాటి మధ్యే ఇలా వెతికే వీలు కల్పించారు.

ఎర్ర గుర్తులన్నీ ఒకటి కావు. లైబ్రరీ దిగలేదా, దిగింది గానీ ఇన్‌స్టాల్ కాలేదా, ఇన్‌స్టాల్ అయి టెస్టు తప్పిందా అన్నది లాగ్‌లో విడివిడిగా తెలిసేలా రాసుకోవాలి. మొదటిది తరచుగా నెట్‌వర్క్ ఇబ్బంది, మళ్లీ నడిపితే పోతుంది. మూడోది అసలు విషయం.

టెస్టు ఏమిటన్నది కూడా అంతే ముఖ్యం. మన పటం ప్రోగ్రామ్‌కు ‘మహబూబ్‌నగర్’ ఒక్కటే రాయించి చూసే టెస్టు ఉంటే, ఫ్రిబిడి లేని సర్వర్‌లో కూడా అది పాస్ కావచ్చు. టెస్టులో ఒత్తులున్న పేర్లు ఉండాలి: అచ్చంపేట, మిర్యాలగూడ, కల్వకుర్తి, వనపర్తి. వాటికన్నా ముందు, రాక్మ్ అందుబాటులో ఉందా అని పిల్లోనే అడిగి, లేకపోతే అక్కడికక్కడే ఆపేసే చిన్న టెస్టు ఉండాలి. బొమ్మలను చుక్కచుక్కగా పోల్చే టెస్టు మీద మాత్రం పూర్తిగా ఆధారపడవద్దని నా సలహా. ఫాంటు వెర్షన్ మారి ఒక తలకట్టు కాస్త జరిగినా అది ఎర్రబడుతుంది, కొన్నాళ్లకు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

రాత్రి తెరిచి ఉంచిన దారి

తాజావన్నీ రానివ్వడం అంటే ఎవరినైనా రానివ్వడమే. 2022 డిసెంబరులో కృత్రిమ మేధ పనులకు వాడే పైటార్చ్ లైబ్రరీకి ఇది అనుభవంలోకి వచ్చింది. పైటార్చ్ నైట్లీకి టార్చ్‌ట్రైటన్ అనే డిపెండెన్సీ ఉండేది. అది పైటార్చ్ సొంత సర్వర్‌లో మాత్రమే ఉంది, అందరూ వాడే పైపీఐ భాండాగారంలో ఆ పేరు ఖాళీగా ఉంది. ఎవరో అక్కడ అదే పేరుతో హానికరమైన ప్యాకేజీ పెట్టారు. రెండు చోట్లా ఒకే పేరు కనిపించినప్పుడు పిప్ పైపీఐలో ఉన్నదాన్నే తెచ్చుకుంది. డిసెంబరు 25 నుంచి 30 మధ్య లినక్స్‌లో పిప్ ద్వారా నైట్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నవారి కంప్యూటర్లలోకి అది చేరింది. యూజర్ల పేర్లు, హోమ్ డైరెక్టరీలోని ఫైళ్లు, సర్వర్లలోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు చదివి బయటికి పంపే కోడ్ అందులో ఉంది. స్థిరమైన వెర్షన్ వాడినవారికి ఏమీ కాలేదు. పైటార్చ్ ఆ డిపెండెన్సీ పేరు మార్చి, కొత్త పేరును పైపీఐలో ముందే తన పేరిట నమోదు చేసుకుంది.

కాబట్టి రాత్రి బిల్డ్ నడిచే యంత్రం దగ్గర రహస్యాలేవీ ఉండకూడదు. సర్వర్ పాస్‌వర్డు, ప్యాకేజీ విడుదల చేసే తాళంచెవి, గ్రామాల అసలు డేటా ఏదీ దానికి అందనివ్వవద్దు. నకిలీ డేటా ఇచ్చి, పనయ్యాక చెరిపేసే యంత్రంలో నడపాలి. విడుదల చేసే బిల్డ్‌ను వేరుగా, లాక్ ఫైలుతో, హాష్‌లు సరిచూస్తూ కట్టాలి. ఈ రెండింటికీ ఒకే తాళంచెవి ఇవ్వడం నేను చూసిన వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు.

2024లో బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా లోతైనది. ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే పాత సాధనం, దాని లైబ్రరీ పేరు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ. ఏళ్లుగా దాన్ని ఆచరణలో ఒక్కరే స్వచ్ఛందంగా చూసుకుంటూ వచ్చారు. జియా టాన్ అనే పేరుతో వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, విడుదల చేసే అధికారం పొంది, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. సర్వర్లలోకి దూరం నుంచి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ దాని గురి. ఎస్‌ఎస్‌హెచ్ పనిని చేసే ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు నిజానికి ఆ లైబ్రరీతో పనే లేదు. డెబియన్, ఫెడోరాలు లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీకి కబురు పంపడానికని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో చిన్న మార్పు చేశాయి. ఆ మార్పుతో లిబ్‌సిస్టమ్‌డీ, దాని వెంట లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ లోపలికి వచ్చాయి. ఎవరూ కోరి తెచ్చుకోని పరోక్ష డిపెండెన్సీ ప్రపంచంలోని సర్వర్ల తలుపు దగ్గర కూర్చుంది.

హానికరమైన కోడ్ టెస్టు ఫైళ్ల ముసుగులో దాగి ఉంది. దాన్ని బిల్డ్ సమయంలో బయటికి తీసే లైను గిట్‌లో లేదు, విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. గిట్‌లో కోడ్ చదివినవారికి అది కనిపించే వీలే లేదు. ఒకే సోర్స్ నుంచి ఎవరు కట్టినా అణువణువూ అదే ఫలితం రావాలని డెబియన్ సహా ఎన్నో ప్రాజెక్టులు పాటుపడుతున్నది ఇందుకే. మూటను గిట్‌లోని సోర్స్‌తో పోల్చి చూసుకోవడం కూడా ఆ దారిలోదే.

దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయింద్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. డెబియన్‌లో ఇంకా స్థిరపడని కూర్పు మీద వేగం కొలుస్తుండగా, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆయనకు నచ్చలేదు. వదలకుండా తవ్వి, 2024 మార్చి 29న లోకానికి చెప్పారు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ అస్థిర శాఖల్లో, ఫెడోరా ప్రయోగ కూర్పుల్లో, ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్‌లో ఉన్నాయి. డెబియన్ స్థిర విడుదలకు ఇంకా చేరలేదు. ముందు వరుసలో ఉండి దెబ్బలు కాచుకునే కూర్పులు చేయవలసిన పని సరిగ్గా ఇదే. అయితే అక్కడ ఒక మనిషి కళ్లు తెరిచి చూస్తున్నాడు, అర సెకనును కూడా వదలని మనిషి. ఎంత యంత్రం పెట్టుకున్నా అలాంటి చూపు అవసరం తీరదు.

లైబ్రరీ మాయమవడం మరో రకం ఆపద. 2016 మార్చిలో ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేసినప్పుడు ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎన్‌పీఎం తీసివేత నియమాలను బిగించింది. అంత చిన్న పనికి మరొకరి మీద ఆధారపడాలా అన్న ప్రశ్న ప్రతి డిపెండెన్సీ దగ్గరా వేసుకోవలసిందే.

పొద్దున ఎవరు చూడాలి

2023లో మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు. రెండు పట్టణాల్లోనూ విశ్వవిద్యాలయాలున్నాయి. ఇక్కడి చిన్న బృందాల్లో బిల్డులు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషి ఉండడు. అందుకని పనిని వారాల వారీగా పంచుకోవాలి. ఈ వారం ఎవరి వంతైతే వారు పొద్దున్నే ఫలితం చూసి, ఎర్రగా ఉంటే ఆ రోజే కారణం రాయాలి. సరిచేయడం తర్వాతైనా పరవాలేదు, కారణం మాత్రం ఆ రోజే రాయాలి. మూడు రోజులు ఆగితే జాబితాలో తేడాలు మూడు రెట్లవుతాయి, మొదటి తప్పు వెనక రెండోది దాక్కుంటుంది. ఎప్పుడూ ఎర్రగానే ఉండే బిల్డ్‌ను ఎవరూ చూడరు, దానికన్నా అది లేకపోవడమే మేలు.

బయటి లైబ్రరీ వల్ల చెడిందని తేలితే మన ఫైలులో పాత వెర్షన్‌కు కట్టేసి ఊరుకోవడం సగం పనే. ఆ లైబ్రరీ వాళ్లకు చెప్పాలి. మన పిల్లలు చాలామంది ఇక్కడ వెనుకాడతారు, పెద్దవాళ్ల ప్రాజెక్టులో మనమేం చెబుతామని. నిజానికి ఇంత కచ్చితమైన సమాచారం వాళ్లకు దొరకడం అరుదు. ఫలానా వెర్షన్‌లో పనిచేసింది, ఫలానా దానిలో చెడింది, ఆపరేటింగ్ సిస్టమ్ ఇది, చూపించడానికి ఐదు లైన్ల కోడ్ ఇది, రావలసిన బొమ్మ ఇది, వచ్చిన బొమ్మ ఇది. ఇంతే చాలు. ముఖ్యంగా తెలుగు ఒత్తుల తప్పులను తెలుగు చదవగలిగినవారు తప్ప ఎవరూ పట్టుకోలేరు. ఎక్కడో కూర్చున్న డెవలపర్‌కు విరిగిన ‘కల్వకుర్తి’ కూడా సరైనదిగానే కనిపిస్తుంది.

ఇంకొక్క సంగతి, ఇది విద్యార్థులకు ప్రత్యేకం. బహిరంగ ప్రాజెక్టులో 60 రోజుల పాటు ఎవరూ ఏ మార్పూ చేయకపోతే గిట్‌హబ్ ఆ రాత్రి బిల్డ్‌ను ఆపేస్తుంది. సెమిస్టర్ పరీక్షలు, ఆ తర్వాత సెలవులు కలిస్తే ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. సెలవుల నుంచి వచ్చాక కొత్త కోడ్ ముట్టుకోకముందే దాన్ని మళ్లీ ఆన్ చేసి, ఒకసారి చేత్తో నడిపించాలి. మీరు లేని రోజుల్లో బయట మారినదంతా ఆ ఒక్క బిల్డ్‌లోనే కనిపిస్తుంది కాబట్టి, ఆ రోజును దానికే కేటాయించుకోండి.